హెన్రీ మోస్లీ జీవితము

సోడియము, నియాను, ఫ్లోరిను అను మూడు పేర్లను నల్లబల్లపై వ్రాసి, వీనికి గల సామ్యమేమని మేము తరగతిలో నడిగినపుడు విద్యార్థులు తరచుగా మౌనము వహింతురు. మొదటిది లోహము, రెండవది దేనితోను గలియని వాయువు, మూడవది మిక్కిలి తీక్ష్ణమైన వాయువు. అయినను సోడియము అయానునందును, నియాను పరమాణువునందును, ఫ్లోరైడు అయానునందును ఎలక్ట్రానులు పదేసియే. ఇట్టివానిని సమ ఎలక్ట్రాను జాతులందురు. ఈ లెక్కకు మూలమైన పరమాణు సంఖ్యను ప్రయోగముచే స్థిరపరచిన హెన్రీ మోస్లీ చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మోస్లీ 1887వ సంవత్సరము నవంబరు 23వ తేదీన ఇంగ్లాండు దేశమందలి వేమౌత్ పట్టణమున జన్మించెను. తండ్రి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. 1891లో ఆయన గతించునప్పటికి బాలునికి నాలుగేండ్లు నిండలేదు. తల్లి పెంపకమున పెరిగి, ఈటన్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డునందలి ట్రినిటీ కళాశాలలోను చదివెను. 1910లో పట్టపరీక్షయందు ప్రథమశ్రేణి లభింపలేదు. అయినను అధైర్యపడక మాంచెస్టరునకు బోయి, రూథర్‌ఫర్డు పండితునికడ పరిశోధన కుపక్రమించెను.

ఆ కాలమున మూలకములను ముఖ్యముగా పరమాణు భారము ననుసరించియే వరుస పెట్టుచుండిరి. కాని కోబాల్టు భారము నికెలు భారముకంటె కొంచెము హెచ్చు. భారమును బట్టి నికెలు ముందు రావలెను. గుణములను బట్టి కోబాల్టు ముందుండవలెను. 1913లో మోస్లీ ఒక్కొక్క లోహమును గాలి తీసిన గొట్టములో నుంచి, ఎలక్ట్రానులచే దానిని తాకించి, వెలువడిన ఎక్స్ కిరణములను స్ఫటిక సహాయమున కొలిచెను. మూలకము నుండి మూలకమునకు బోయినకొలది కిరణముల పౌనఃపున్యపు వర్గమూలము సమానమైన మెట్లతో పెరుగుచుండెను. కోబాల్టు 27వ మెట్టునను, నికెలు 28వ మెట్టునను నిలిచెను. ఆ సంఖ్యయే కేంద్రకమందలి ధనావేశముల లెక్క. 1914లో అల్యూమినియము మొదలు బంగారము వరకు పరిశీలించి, 43, 61, 75 స్థానములు ఖాళీగా నున్నవని చూపెను. అతని తరువాత 1925లో రీనియము, 1937లో టెక్నీషియము, 1945లో ప్రొమీథియము ఆ స్థానములను నింపెను.

1914లో మోస్లీ శాస్త్రసభకై ఆస్ట్రేలియాలో నుండగా మహాయుద్ధ మారంభమయ్యెను. అతడు వెంటనే స్వదేశమునకు మరలి సైన్యమున జేరెను. 1915వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన గల్లిపోలి రణరంగమున తుపాకిగుండు తగిలి మరణించెను. అప్పటికి వయస్సు 27 ఏండ్లు మాత్రమే. తన పరికరములను, ధనమును పరిశోధనలకై రాయల్ సొసైటీకి చెందునట్లు మరణశాసనము వ్రాసియుండెను.

తన సంఖ్య యొసగిన ఫలమును అతడు పూర్తిగా చూడజాలకపోయెను. సోడియము సంఖ్య 11. ఒక ఎలక్ట్రాను పోగా 10. ఫ్లోరిను సంఖ్య 9. ఒకటి చేరగా 10. నియానుకు సహజముగనే 10. మూడింటి విన్యాసమును 2, 8 యే. 1919లో అమెరికా శాస్త్రజ్ఞుడు లాంగ్‌మ్యూర్ వీనితో ఆక్సైడు, మెగ్నీషియము, అల్యూమినియము అయానులను గూడ జేర్చి, ఒక్క కుటుంబముగా చూపెను. ఈ అయానులలో 8 ధనావేశములు గల ఆక్సైడు అన్నిటికంటె పెద్దది. 13 గల అల్యూమినియము అయాను అన్నిటికంటె చిన్నది. ఏలయన, ఆవేశము హెచ్చినకొలది కేంద్రకము ఆ పది ఎలక్ట్రానులనే మరింత దగ్గరకు లాగుకొనును.

మొత్తము సమానమైనంత మాత్రమున చాలదని విద్యార్థులు మరువరాదు. ఇనుము సంఖ్య 26. రెండు ఎలక్ట్రానులు పోయిన ఫెర్రస్ అయానున 24 మిగులును. క్రోమియము పరమాణువునందును 24 గలవు. కాని మొదటిదాని విన్యాసము 2, 8, 14. రెండవదానిది 2, 8, 13, 1. కావున విన్యాసమును వ్రాసి చూచిన పిమ్మటనే నిశ్చయింపవలెను.

ఎలక్ట్రానులు వచ్చుచు పోవుచునుండును. సోడియము నియాను విన్యాసమును ధరించినను, కేంద్రకమున 11 ఉన్నంతకాలము సోడియమే. దీనిని మనకు రూఢిగా తెలిపినవాడు నిండు యౌవనమున యుద్ధమునకు బలియయ్యెను. అతడింకను ఇరువది యేండ్లు జీవించియుండిన ఎన్ని సత్యములు వెలికి వచ్చియుండెడివో యని తలచినపుడు మా హృదయము బరువెక్కుచున్నది.