చెల్లెలి మెల్లకన్ను చూపిన దారి

పసిపిల్లకు మెల్లకన్ను ఉందంటే మా చెన్నేకొత్తపల్లి వైపే కాదు, తెలుగునాట ఏ ఊళ్ళోనైనా ఒక మాట వినబడుతుంది. మెల్ల అదృష్టమట, ఇంటికి కలిసొస్తుందట! అది నమ్మనివాళ్ళు కూడా పెద్దయ్యేకొద్దీ సర్దుకుంటుందిలే అని ఊరుకుంటారు. తీరా పెళ్ళిచూపుల నాటికి ఆ అదృష్టమే పెద్ద లోపమై కూర్చుంటుంది. నూట అరవై ఏళ్ళ కిందట పారిస్‌లో ఒక అన్న మాత్రం చెల్లెలి మెల్లకన్ను చూసి ఊరుకోలేకపోయాడు. ఆయన పేరు లూయీ ఎమీల్ జవాల్. కంటి వైద్యుల లోకంలో ఇప్పటికీ చెప్పుకునే పేరు.

జవాల్ 1839 మే 5న పారిస్‌లో పుట్టాడు. తండ్రి లియోపోల్డ్ బ్యాంకరు, రాజకీయాల్లో కూడా ఉన్నవాడు. కలిగిన ఇల్లు. కొడుకు గనుల ఇంజనీరింగు చదివాడు. ఆ దారినే పోయుంటే మనకు ఆయన సంగతి తెలిసేది కాదు. కానీ తండ్రికి మెల్ల, చెల్లెలు సోఫీకీ మెల్లే. రోజూ కళ్ళెదుట కనబడే ఆ లోపం ఇంజనీరు బుర్రను నిలవనీయలేదు. దీన్ని సరిచేసే ఉపాయమే లేదా?

ఉపాయం లేకపోలేదు. జవాల్ పుట్టిన ఏడాదే బెర్లిన్‌లో డీఫెన్‌బాక్ అనే సర్జను కంటి కండరాన్ని కోసి మెల్లను సరిచేశాడు. చూసేవాళ్ళకు కన్ను నిటారుగా కనబడేది నిజమే. కానీ రెండు కళ్ళూ కలిసి చూడడం మాత్రం చాలామందికి వచ్చేది కాదు. కన్ను నిలబెట్టడం వేరు, చూపు కలపడం వేరు అన్నమాట.

ఇది ఎందుకో ఇప్పుడు మనకు బాగా తెలుసు. ఒక్కో కంటికి ఆరు కండరాలుంటాయి. రెండు కళ్ళవీ కలిపి పన్నెండూ ఒక్క మాట మీద నడవాలి. చేప మొదలుకొని మనిషి దాకా, వెన్నెముక ఉన్న జీవుల్లో దాదాపు అన్నిటికీ ఈ ఏర్పాటు ఉంది. అందులో అన్నిటికన్నా పాత విద్య, తల కదిలినా చూపు చెదరకుండా నిలుపుకోవడం. తల ఎటు తిరిగిందో లోపలి చెవి చెబుతుంది, కళ్ళు అంతమేరా ఎదురు తిరుగుతాయి. ఈ పేపరును కదలకుండా పట్టుకుని తల అటూ ఇటూ ఊపండి, అక్షరాలు చదవగలుగుతారు. తల కదపకుండా పేపరును అదే జోరున ఊపండి, అక్షరాలు అలుక్కుపోతాయి!

జీబ్రా చేప పిల్ల గుడ్డు కట్టిన నాలుగైదు రోజులకే, కదిలే చారల వెంట కళ్ళు తిప్పేస్తుంది. గుడ్లగూబ కళ్ళు దాదాపు కదలనే కదలవు, అందుకే అది మెడ తిప్పుతుంది. మనిషి బిడ్డకు మాత్రం నెలలు పడుతుంది. పుట్టిన కొత్తల్లో చూపు గెంతుతూ పోతుంది. రెండు మూడు నెలలకు కదిలే బొమ్మను సాఫీగా వెంబడించడం వస్తుంది. నాలుగు నుంచి ఆరు నెలల్లో రెండు కళ్ళ బొమ్మలూ మెదడులో ఒకటై, ఏది దగ్గరో ఏది దూరమో తెలుస్తుంది. ఆ కలయిక గట్టిపడడానికి ఇంకా కొన్నేళ్ళు కావాలి. ఈలోగా ఒక కన్ను పక్కకు పోతే మెదడుకు రెండు వేర్వేరు బొమ్మలు చేరతాయి. ఆ గందరగోళం పడలేక అది ఒక బొమ్మను పక్కన పెట్టేస్తుంది. పక్కన పెట్టిన కన్ను మెల్లమెల్లగా మందగిస్తుంది.

జవాల్ రోజుల్లో ఇంత వివరంగా తెలీదు. అయినా మెల్లను పోగొట్టాలంటే చూపుకు మళ్ళీ కలిసి నడవడం నేర్పాలని ఆయన గట్టిగా పట్టుకున్నాడు. సోఫీతోనే మొదలుపెట్టాడు. మంచి కన్ను మూసి, మందగించిన కంటికి పని చెప్పాడు. తర్వాత స్టీరియోస్కోపు. అందులో ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ కనబడుతుంది, రెండూ కలిస్తేనే లోతు తెలుస్తుంది. ఒకనాటితో అయ్యే పని కాదది. బిడ్డకు అక్షరాలు దిద్దించినంత ఓపిక కావాలి.

చెల్లెలి కోసం మొదలైన పని ఆయన బతుకు దారినే మార్చేసింది. గనులు వదిలి వైద్యం చదివాడు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కంటిచూపు మీద రాసిన మహాగ్రంథాన్ని మరొకరితో కలిసి ఫ్రెంచిలోకి తెచ్చాడు. 1868లో డాక్టరు పట్టా అందుకున్నాడు, థీసిస్ మెల్లకన్ను మీదే! 1878 నుంచి సోర్బాన్‌లో కంటి ప్రయోగశాలను నడిపాడు. 1881లో నార్వే డాక్టరు షియోట్జ్‌తో కలిసి కంటి నల్లగుడ్డు వంపును కొలిచే పరికరం చేశాడు. ఆ ఇద్దరి పేర్లతోనే అది ఆసుపత్రులకు చేరింది.

ఆ ప్రయోగశాలలోనే ఇంకో వింత బయటపడింది. చదివేటప్పుడు చూపు వరుస మీద నీళ్ళలా జారుతూ పోతుందని అందరూ అనుకునేవాళ్ళు. జవాల్, ఆయన సహచరుడు లమార్ చూసేసరికి కన్ను గెంతులు వేస్తోంది! గెంతు, ఆగు, మళ్ళీ గెంతు. ఆగిన ఆ క్షణాల్లోనే మనం చదువుతాం. వాళ్ళు ఆ గెంతుకు వాడిన ఫ్రెంచి మాట సకాడ్. ఇవాళ ప్రపంచమంతా వాడేది అదే మాట.

ఇన్ని కళ్ళు బాగుచేసిన మనిషికి తన కళ్ళే ఎదురుతిరిగాయి. గ్లాకోమా, అంటే నీటికాసులు. 1900 నాటికి రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి. అరవై ఒకటో ఏట చీకటి! అయినా ఆయన మూల కూర్చోలేదు. చూపు పోయినవాళ్ళు రోజులెలా గడుపుకోవాలో, ఎలా రాయాలో, ఎలా తిరగాలో చెబుతూ 1903లో పుస్తకం వేశాడు. చదవడం, రాయడం గురించి తెలుసుకున్నదంతా 1905లో ఇంకో పుస్తకం చేశాడు. 1907 జనవరి 20న కన్నుమూశాడు. ఆయన కూతురు బిడ్డ లూయీజ్ వైస్ తర్వాతి రోజుల్లో ఫ్రాన్సులో ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం వీధుల్లోకి వచ్చి పోరాడింది. ఊరుకోకపోవడం ఆ ఇంటి గుణమేమో!

జవాల్ కథ మన ఇళ్ళకు చెప్పేది ఒకటే. చూపు కలవడానికి ఒక వయసుంది. మొదటి మూడు నాలుగు నెలల్లో బిడ్డ కళ్ళు అప్పుడప్పుడూ అటూ ఇటూ పోతే కంగారు వద్దు. ఎప్పుడూ ఒకే కన్ను పక్కకు పోతున్నా, నాలుగు నెలలు దాటినా మెల్ల కనబడుతున్నా కంటి డాక్టరుకు చూపించాల్సిందే. కంటిపాపలో తెల్లటి మెరుపు కనబడితే ఒక్కరోజు కూడా ఆగొద్దు, లోపల కేన్సరు గడ్డ ఉండే ప్రమాదముంది. కొందరు పిల్లలకు కళ్ళద్దాలతోనే సరిపోతుంది, కొందరికి మంచి కంటికి పట్టీ కట్టాలి, కొందరికి ఆపరేషను చేయాలి. ఏదైనా ఏడెనిమిదేళ్ళ లోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. ముద్దు బిడ్డకు దిష్టిచుక్క పెట్టండి, మురిసిపోండి. అవ్వలు చెప్పే అదృష్టం మాటకు నవ్వి, బిడ్డను చంకనేసుకుని ఆసుపత్రికి బయల్దేరండి.