విశ్వదాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు

అమృతాంజనం అనగానే ఘాటైన వాసన, పసుపుపచ్చని మందు మనకు గుర్తుకు వస్తాయి. ఆ మందును మనకిచ్చిన మహనీయుని పేరు మాత్రం మన పిల్లలలో చాలామందికి తెలియదు. మలేషియాలోని మన తెలుగు కుటుంబాలలో పగలు ఉద్యోగం చేసి, సాయంకాలం రాత్రి సంతలో అంగడి పెట్టేవారున్నారు, పిల్లలకు పాఠాలు చెప్పేవారున్నారు. ఒక పని కూడు పెడుతుంది, ఇంకొక పని మనసుకు తృప్తినిస్తుంది. రెండింటి నడుమ ఇంటివారికి పొద్దు చాలదు. అట్టివారికి పంతులుగారి జీవితం దారి చూపుతుందని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పంతులుగారు 1867 మే 1వ తేదీన కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. బందరులో చదువుకొని, మద్రాసు క్రైస్తవ కళాశాలలో 1891లో పట్టం పుచ్చుకొన్నారు. ఆ రోజుల్లో పట్టం ఉంటే సర్కారు కొలువు దొరికేది. అయినా ఆయన మనసు వ్యాపారం మీదకు పోయింది. కలకత్తా వెళ్లి, అక్కడనుండి బొంబాయి చేరి, 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. కొత్త మందును ఎవరు కొంటారు? సంగీత సభలలో జనానికి ఊరికే పంచి అలవాటు చేశారని చెప్పుకుంటారు. క్రమంగా ఆ సీసా దేశమంతా పాకింది.

డబ్బు చేతికి వచ్చాక దానిని ఏం చేశారన్నదే అసలు సంగతి. 1907లో సూరత్ కాంగ్రెస్ సభ జరిగిన పిమ్మట, తెలుగువారికి ఒక మంచి పత్రిక కావాలని ఆయన తలచారు. 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. అదీ ఎక్కడ? తెలుగుదేశంలో కాదు, బొంబాయిలో! పరాయి ఊళ్లో ఉంటూ తల్లిభాషకు చేసిన ఈ సేవను మనవంటివారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. 1914లో పత్రిక మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల వెలిశాయి. మంచి పుస్తకాలు సామాన్యులకు తక్కువ వెలకు అందాయి. గ్రంథాలయాలకు ఆయన చేసిన సాయం ఇంతా అంతా కాదు. ఉప్పు సత్యాగ్రహంలో చెరసాలకు కూడా వెళ్లారు.

ఇన్ని పనులకూ అండ ఆ చిన్న సీసాయే. నాయకుడినయ్యాను, ఇక మందులమ్మడమేమిటని ఆయన దానిని వదలలేదు. 1936లో అది లిమిటెడ్ కంపెనీ అయింది. పెట్టే చెయ్యి నిలవాలంటే సంపాదించే చెయ్యి ఆగకూడదని మేము దీనివల్ల గ్రహించాము. ఇష్టమైన పని కోసం కూడు పెట్టే పనిని వదిలిపెడితే చివరకు రెండూ చెడతాయి.

మరి ఇల్లు? మద్రాసులో ఆయన ఇంటి పేరు శ్రీబాగ్. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక చేసుకొన్నది ఆ ఇంట్లోనే. అందుకే దానిని శ్రీబాగ్ ఒడంబడిక అంటారు. ఇల్లు పదిమందికి సత్రమైతే ఆ భారం మోసేది ఇల్లాలు. చరిత్రలో ఒడంబడిక పేరు ఉంటుంది, వంటింట్లో పొయ్యి ముందు నిలబడినవారి పేరు ఉండదు. పంతులుగారికి దణ్ణం పెట్టేటప్పుడు ఆ తల్లికి కూడా పెట్టాలి.

1938 ఏప్రిల్ 11న పంతులుగారు పరమపదించారు. మందు, పత్రికలు రెండింటి బరువూ అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారి భుజాన పడింది. ఆయన దశాబ్దాలపాటు నిలబెట్టారు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది గాని, అమృతాంజనం నేటికీ ఉంది. ఇంటివారు తమదిగా తలచిన పని కనుకనే యజమాని పోయినా నిలిచింది.

కాబట్టి అంగళ్లు నడిపే మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మనవి ఒక్కటే. లెక్కల పుస్తకం ఇంట్లోవారికి కూడా చూపండి. ఎందుకు పొద్దుపోయి వస్తున్నారో పిల్లలకు చెప్పండి. వచ్చిన లాభంలో కొంచెం మన భాషకు తీసిపెట్టండి, ఒక పిల్లవాడికి తెలుగు వాచకం కొనిచ్చేంత అయినా చాలు. పంతులుగారు కూడా ఒక చిన్న సీసాతోనే మొదలుపెట్టారు.