రంగములో ఒక కాపురము
జడ్సన్ దంపతుల జీవితము



అపొస్తలుల కార్యముల గ్రంథము 18వ అధ్యాయములో అకుల, ప్రిస్కిల్ల అను భార్యాభర్తలను చూచుచున్నాము. రోమా పట్టణము విడువవలసి వచ్చి, కొరింథునకు పోయి, డేరాలు కుట్టి బ్రదికిన వారు. పౌలునకు తమ యింట చోటిచ్చిరి. వారి సేవ సభామందిరములో కంటె వారి గుమ్మము లోపల ఎక్కువగా జరిగెను. పరదేశములో అట్టి కాపురము చేసిన మరియొక దంపతులను గూర్చి ఈ నెల మనము ధ్యానింతము. వారు అమెరికా దేశస్థులైన అదోనీరాము జడ్సన్ దొరగారు, ఆయన భార్య ఆన్ దొరసానిగారు.

జడ్సన్ గారు 1788లోను, ఆన్ గారు 1789లోను మసాచుసెట్స్ రాష్ట్రములో పుట్టిరి. 1812 ఫిబ్రవరి 5న వారి వివాహము జరిగెను. రెండు వారములు గడచునప్పటికి ఓడ యెక్కిరి. నాలుగు నెలల ప్రయాణము తరువాత కలకత్తా చేరగా, కుంపినీ ప్రభుత్వము వారిని ఉండనియ్యలేదు. మారిషస్ ద్వీపమునకు పోయి, అక్కడనుండి 1813 జూన్‌లో చెన్నపట్నము వచ్చిరి. అక్కడను నిలువ వీలులేక, బయలుదేరుటకు సిద్ధముగానున్న ఓడ బర్మాకు పోవుచుండగా దాని నెక్కిరి. ఆ ఓడలోనే ఆన్ గారు ప్రసవించిరి, కాని బిడ్డ దక్కలేదు. జూలై 13న ఓడ రంగూను రేవు చేరెను. లేచి నడువలేని ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి, దానికి వెదురుబొంగులు కట్టి, బర్మావారు మోసికొని పోయిరి.

రంగూనును మన పెద్దలు రంగము అనెడివారు. కాకినాడ, విశాఖపట్నము రేవులనుండి కూలికై రంగము వెళ్లిన తాతలు మనలో అనేకులకు కలరు. తెలియని భాషలో ఉప్పు అడుగుట యెంత కష్టమో వారెరుగుదురు. జడ్సన్ దంపతులు వారికంటె ముందు, తమవారు ఒక్కరును లేని చోట దిగిరి. రొట్టె లేదు, వెన్న లేదు, బంగాళాదుంపలు లేవు. అన్నము, కోడికూర, దోసకాయలతో ఉడికించిన కోడి, ఇవే దినదినాహారము. వారి యిల్లు కోటగోడకు వెలుపల నుండెను; దొంగల భయమున కొంతకాలము లోపలికి మారవలసి వచ్చెను.

మొదటి పని భాష నేర్చుట. బర్మా అక్షరములు మన తెలుగు అక్షరముల వలెనే గుండ్రనివి. తాటాకుల మీద మాటకు మాటకు నడుమ ఎడము లేకుండ వ్రాయబడిన ఆ భాషకు వారికి తగిన వ్యాకరణము గాని నిఘంటువు గాని దొరకలేదు. వారి పంతులుగారికి ఇంగ్లీషు రాదు. వస్తువును చూపుట, ఆయన దాని పేరు చెప్పుట, వీరు వ్రాసికొనుట, ఇదే బడి. స్త్రీకి చదువు చెప్పుటకు ఆ పంతులుగారు మొదట ఇష్టపడలేదు. అయితే భర్త ఆమెను గౌరవముతో చూచుటయు, ఆమె నేర్వవలెనని కోరుటయు కనిపెట్టి, ఆమెకును అంతే శ్రద్ధతో చెప్పసాగిరి. సంఘములోని పురుషులారా, ఇది గమనింపుడి. ఇంటిలో భర్త భార్యకిచ్చు మర్యాదను ఊరు చూచుచునే యుండును.

తరువాత ఒక వింత జరిగెను. దినమంతయు పుస్తకముల ముందు కూర్చున్న జడ్సన్ గారికి భాష యొక్క కట్టుబాటు బాగుగా తెలిసెను. కాని పనివారితోను, అంగడివారితోను ఉదయమునుండి సాయంకాలము వరకు మాటలాడవలసిన దొరసానిగారికే మాట ముందుగా వచ్చెను. వంటయిల్లే ఆమెకు పాఠశాల యాయెను.

1815 సెప్టెంబరులో రోజరను కుమారుడు పుట్టెను. ఎనిమిది నెలలకు జ్వరము వచ్చి, 1816 మే 4న ఆ పసివాడు పోయెను. వైద్యుడు లేడు. మామిడిచెట్ల నడుమ అతనిని పాతిపెట్టిరి. ఇరుగుపొరుగు బర్మావారు కూడ వెంట నడచిరి. మరల మేజా ముందు కూర్చుండిరి. 1817లో మత్తయి సువార్త బర్మా భాషలో అచ్చాయెను. ఆరు సంవత్సరములు ఓపికతో కనిపెట్టిన తరువాత, 1819 జూన్ 27న మౌంగ్ నౌ అను మొదటి విశ్వాసి బాప్తిస్మము పొందెను.

1824లో దంపతులు రాజధానియైన ఆవాకు పోయి, మూడు చిన్న గదులు, ఒక వసారా గల యిల్లు కట్టుకొనిరి. అంతలో ఇంగ్లీషువారికిని బర్మా రాజునకును యుద్ధము పుట్టెను. తెల్లవారందరు వేగులవారే అను అనుమానముతో జూన్ 8న జడ్సన్ గారిని పట్టుకొని, సంకెళ్లు వేసి, చెరసాలలో త్రోసిరి. ఆ చెరలో ఖైదీకి అన్నము పెట్టువారు లేరు, ఇంటివారు తెచ్చిననే బ్రదుకు. గర్భవతియైన దొరసానిగారు సుమారు రెండు మైళ్లు నడచి అన్నము మోసిరి, అధికారుల గుమ్మముల యొద్ద కాచుకొనిరి. ఒకనాడు భర్తకు స్వదేశపు రుచి చూపవలెనని, గేదె మాంసముతోను అరటిపండ్లతోను తమ దేశపు పండుగ వంటకమొకటి చేసి పంపిరి. దానిని చూడగానే పుట్టినింటి భోజనపు బల్ల జ్ఞాపకము వచ్చి, ఆయన తినలేక ఏడ్చి, ప్రక్కనున్న ఖైదీ చేతికిచ్చిరి.

క్రొత్త నిబంధన తర్జుమా చేతివ్రాత ఒక్కటే ప్రతి యుండెను. దొరసానిగారు దానిని మొదట ఇంటి నేలలో పాతిపెట్టిరి. చెమ్మకు పాడగునని మరల తీసి, ఎవరును ఆశపడనంత గట్టి తలగడలో కుట్టి భర్తకు పంపిరి. ఆయన దానిమీద తల పెట్టి పండుకొనిరి. 1825 మేలో ఖైదీలను ఆంగ్‌బిన్‌లే అను చోటికి మండుటెండలో కాళ్లకు చెప్పులు లేకుండ నడిపించినప్పుడు, ఆ తలగడ పారవేయబడెను. మౌంగ్ ఇంగ్ అను నమ్మకమైన విశ్వాసి, లోపల ఏమున్నదో యెరుగకయే, అయ్యగారి గురుతని దానిని ఇంట దాచెను. నెలల తరువాత విప్పి చూడగా వాక్యము చెడలేదు.

జనవరిలో పుట్టిన మరియాను చంకనెత్తుకొని దొరసానిగారు ఖైదీల వెంట పోయి, చెరసాల కావలివాని ధాన్యపు గదిలో ఆరు నెలలు కాపురముండిరి. పిల్లలకు మశూచి వచ్చెను. తల్లికి జబ్బుచేసి పాలు ఎండిపోగా, జడ్సన్ గారు కావలివారి సెలవు పొంది, బిడ్డను ఎత్తుకొని ఊరిలోని తల్లుల యొద్దకు పోయి పాలు బిచ్చమడిగిరి. ఆ తల్లులు పాలిచ్చిరి. వారి బెంగాలీ వంటవాడు కులమును మరచి, జీతమడుగక, కట్టెలు నీళ్లు దూరమునుండి మోసి, వండి, రోగులకు పరిచర్య చేసెను.  అతడు లేనియెడల ఆ కాపురము నిలుచుట కష్టము.

పదునేడు నెలల చెర తీరెను. కాని 1826 అక్టోబరు 24న, భర్త దూరమున నుండగా, ఆన్ గారు అమ్‌హర్స్ట్ అను ఊరిలో జ్వరముచేత ప్రభువునందు నిద్రించిరి. వయస్సు 36 సంవత్సరములు. ఆరు నెలలకు చిన్న మరియాయు పోయెను. జడ్సన్ గారు బహుకాలము దుఃఖములో మునిగి, మరల కలము పట్టి, 1834 జనవరి 31న బర్మా బైబిలు తర్జుమా ముగించిరి. 1840లో సవరించిన ప్రతి అచ్చాయెను. 1850 ఏప్రిల్ 12న ఓడలో మృతిపొందగా ఆయన దేహమును సముద్రమునకు అప్పగించిరి. ఆ బైబిలును బర్మా సంఘములు నేటికిని చదువుచున్నవి.

ఈ కాపురమునకు మనము కూడ ఋణపడియున్నాము. జడ్సన్ దంపతులను పోషించుటకు 1814లో అమెరికా బాప్టిస్టు సంఘములు ఏర్పరచుకొనిన మిషను నుండియే శామ్యూల్ డే దొరగారు 1836లో విశాఖపట్నమునకును, 1840లో నెల్లూరునకును వచ్చిరి.

ప్రియులారా, ఆ బైబిలు అట్టమీద ఒక్కరి పేరే తలచుదుము. కాని దానిని కాపాడినవి ఒక తలగడ, ఒక అన్నపు గిన్నె, పరుల బిడ్డకు పాలిచ్చిన తల్లులు, ఒక వంటవాడు. ఈ నెల కుటుంబ ప్రార్థనలో రోమా పత్రిక 16వ అధ్యాయము చదువుడి. ప్రిస్కిల్లతో పాటు పౌలు ఎందరి పేరులు చెప్పెనో లెక్కింపుడి. తరువాత మన ఊరి గుడిని ఊడ్చువారిని, కూటములకు వచ్చినవారికి అన్నము వండువారిని, రోగి యొద్ద రాత్రి మేలుకొనువారిని పేరు పెట్టి ప్రార్థింపుడి. వారిలో మన యింటి స్త్రీలుండినయెడల, ప్రార్థన ముగియగానే వారి చేతిలోని పని మనము కొంత అందుకొందము. ప్రభువు మన కాపురములను దీవించును గాక. ఆమేన్.