మద్రాసు పురపాలనలో నలభై ఏళ్ళు: తెలుగు నేత వర్తకుడు పిట్టి త్యాగరాయ శెట్టి

పెళ్ళి బట్టలు కొనాలంటే మన జిల్లా పల్లెల నుంచి చెన్నైలోని టి.నగర్‌కు వెళ్ళేవారు ఎందరో ఉన్నారు. ఆ పేటకు పూర్తి పేరు త్యాగరాయ నగర్. 1920ల్లో అక్కడి పెద్ద చెరువును పూడ్చి కొత్త పేట కట్టినప్పుడు, ఆ నగరానికి ఎక్కువ కాలం సేవ చేసిన ఒక బట్టల వర్తకుని పేరు దానికి పెట్టారు. ఆయనే సర్ పిట్టి త్యాగరాయ శెట్టి. తెలుగు మాట్లాడే దేవాంగుల ఇంట 1852లో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టా పుచ్చుకున్నారు. ఆనాడు పట్టా ఉన్నవారికి సర్కారు ఉద్యోగం కష్టం కాదు. అయినా ఆయన కులవృత్తి అయిన నేతనూ, వర్తకాన్నీ వదలలేదు.

ఉత్తర మద్రాసులోని చాకలిపేటలో ఆయన నేతశాల ఉండేది. అందులో సుమారు నూరు మగ్గాలు ఆడేవి. చేతితో నాడె విసిరే పాత పద్ధతి మాని, తాడు లాగితే నాడె దానంతటదే అటూ ఇటూ పరుగెత్తే మగ్గాలను అక్కడ పెట్టించారు. ఈ మగ్గం మీద ఒక మనిషి రోజుకు నేసే గుడ్డ బాగా పెరుగుతుంది. నేతతో పాటు తోళ్ళు పదును చేయడం, ఉప్పు, సున్నం వ్యాపారాలు కూడా ఆయనకు ఉండేవి. 1909లో దక్షిణాది వర్తకులందరూ కలిసి సదరన్ ఇండియా చాంబర్ ఆఫ్ కామర్స్ అనే సంఘం పెట్టుకున్నప్పుడు తొలి అధ్యక్షునిగా ఆయననే ఎన్నుకున్నారు.

నలభై ఏళ్ళ సభ్యత్వం

త్యాగరాయ శెట్టి 1882లో మద్రాసు నగరపాలక సంస్థలో ప్రవేశించారు. అప్పటికి ఆయన వయస్సు 30 ఏళ్ళు. అప్పటి నుంచి దాదాపు 40 సంవత్సరాలు ఆ సంస్థను అంటిపెట్టుకునే ఉన్నారు. ఆ రోజుల్లో ఓటు అందరికీ లేదు. ఆస్తి ఉండి పన్ను కట్టేవారికే ఓటు. నగర అధ్యక్షుని పదవి ఎన్నికతో వచ్చేది కాదు. ప్రభుత్వం తన అధికారులలో ఒకరిని ఆ కుర్చీలో కూర్చోబెట్టేది. అందువల్ల ఎన్ని ఏళ్ళు సేవ చేసినా మామూలు సభ్యుడు అధ్యక్షుడు కాగలడన్న ఆశ లేదు. ఆ ఆశ లేని కాలంలోనే ఆయన నగర సేవలో ముప్పై ఏళ్ళకు పైగా గడిపారు.

దానధర్మాలలో ఆయన చెయ్యి పెద్దది. మద్రాసులో ఒక పెద్ద ఆలయం కుంభాభిషేకానికి 10,000 రూపాయలు ఇచ్చారనీ, అయినా కులం కారణంగా వేదిక మీద కూర్చునే అర్హత లేదని ఆయనను కిందనే ఉంచారనీ ఆయన జీవితం రాసినవారు చెబుతారు. 1916లో ఎన్నికల్లో ఓటమి కూడా చవిచూశారు. అదే సంవత్సరం నవంబరులో డాక్టర్ టి.ఎం. నాయర్, డాక్టర్ నటేశ మొదలియార్లతో కలిసి బ్రాహ్మణేతరుల కోసం ఒక సంఘం స్థాపించారు. అదే తర్వాత జస్టిస్ పార్టీగా పేరు పొందింది. ఆ పార్టీ భావాలను తెలుగువారికి చేర్చిన పత్రిక ఆంధ్ర ప్రకాశిక.

అణా ఖర్చుతో ఫలహారం

1919లో మద్రాసు నగరానికి కొత్త పురపాలక చట్టం వచ్చింది. దాని ప్రకారం అధ్యక్షుని సభ్యులే ఎన్నుకునే వీలు కలిగింది. సభ్యులు త్యాగరాయ శెట్టిని ఎన్నుకున్నారు. అధికారి కాని తొలి నగర అధ్యక్షుడు ఆయనే.

నగరపాలక సంస్థ బడుల్లో చదివేవారు ఎక్కువగా కూలి జనం పిల్లలు. ఇంట్లో గంజి నీళ్ళు కూడా లేని రోజున బడికి రారు. వచ్చినా పొద్దెక్కేసరికి నీరసపడతారు. బడి కట్టి పంతుళ్ళను పెట్టినంత మాత్రాన హాజరు పెరగదని అధ్యక్షుడు గ్రహించారు. 1920 సెప్టెంబరు 16న సభ్యుల సమావేశంలో ఒక తీర్మానం ఆమోదం పొందింది. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని నగరపాలక బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఫలహారం పెట్టాలనీ, ఒక్కొక్కరికి రోజుకు ఒక అణాకు మించి ఖర్చు కాకూడదనీ దాని సారాంశం. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. తర్వాత మరి నాలుగు బడులకు కూడా దీనిని విస్తరించారు. పిల్లల సంఖ్య పెరిగింది. 1925లో ప్రాథమిక విద్య నిధి నుంచి ఈ ఖర్చు పెట్టరాదని ప్రభుత్వం అడ్డు చెప్పేసరికి ఫలహారం ఆగింది. వెంటనే బడులలో పిల్లలు తగ్గారు. దాంతో మళ్ళీ మొదలుపెట్టక తప్పలేదు.

ఆయన ఎప్పుడూ తెల్లని దుస్తులే ధరించేవారు. అందుకే తమిళులు ఆయనను తెల్లని ఉడుపుల రాజు అని పిలుచుకున్నారు. 1922లో ఇంగ్లండు యువరాజు మద్రాసు వచ్చినప్పుడు స్వాగతం చెప్పడానికి పదవికి తగిన అంగీ తొడుక్కోవాలని అధికారులు కోరినా, తన బట్టలు మార్చలేదని చెప్పుకుంటారు.

కాదన్న ముఖ్యమంత్రి పదవి

1920 చివర జరిగిన శాసన మండలి ఎన్నికల్లో జస్టిస్ పార్టీ గెలిచింది. అప్పుడు మన జిల్లా కూడా మద్రాసు రాజధానిలోనే ఉండేది. గవర్నరు లార్డ్ విల్లింగ్డన్ మంత్రివర్గం ఏర్పాటు చేయవలసిందిగా పార్టీ నాయకుడైన శెట్టిగారినే పిలిచారు. ఆయన ఆ పదవిని తీసుకోలేదు. సుబ్బరాయలు రెడ్డియార్ ముఖ్యమంత్రి అయ్యారు. అనారోగ్యంతో ఆయన తప్పుకున్నాక 1921లో ఆ పదవి శ్రీకాళహస్తికి చెందిన పానగల్ రాజా పానుగంటి రామరాయణింగారికి దక్కింది.

పదవి వద్దన్నా పార్టీ పగ్గాలు మాత్రం శెట్టిగారి చేతిలోనే ఉన్నాయి. అంతా ఆయన మాట ప్రకారమే జరుగుతున్నదని సొంతవారిలోనే కొందరు నొచ్చుకున్నారు. అలా విడిపోయినవారిలో చిత్తూరు దగ్గరి కట్టమంచికి చెందిన డాక్టర్ సి.ఆర్. రెడ్డి ఒకరు. 1923 నవంబరులో ఆయన పానగల్ రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం తెచ్చారు. 44 మంది అనుకూలంగా, 65 మంది వ్యతిరేకంగా ఓటు వేయగా అది వీగిపోయింది. శాసన మండలి చరిత్రలో పేరు పొందిన ఆ పోరులో రెండు వైపులా మన జిల్లా మనుషులే నిలబడ్డారు.

త్యాగరాయ శెట్టి 1925లో కన్నుమూశారు. నగరపాలక కార్యాలయమైన రిప్పన్ భవనం ముందు ఆయన విగ్రహం ఉంది. చాకలిపేటలో ఆయన పేరిట కళాశాల నడుస్తున్నది. అణా ఫలహారం మాత్రం ఆ నగరం దాటి చాలా దూరం వెళ్ళింది. 1956లో కామరాజ్ తమిళ దేశంలో బడి భోజనం ప్రారంభించారు. 1982లో ఎం.జి. రామచంద్రన్ దానిని మరింత విస్తరించారు. 2001లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తరువాత 2003లో మన రాష్ట్రంలోని ప్రాథమిక పాఠశాలల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది.

పంచాయతీకైనా, మునిసిపాలిటీకైనా ఎన్నికలు వచ్చినప్పుడు డబ్బున్న వర్తకులు ఓట్లు అడగడం కొత్త కాదు. చలివేంద్రాలు, అన్నదానాలు, బట్టల పంపిణీ అప్పుడే జోరుగా సాగుతాయి. పోటీకి నిలబడేవారు పదవి రాకముందు ఎన్నేళ్ళు పని చేశారో, పదవి వచ్చాక ఏ పని మొదలుపెట్టారో చూడడం ఓటరు వంతు. ఆ రెంటిలోనూ త్యాగరాయ శెట్టి లెక్క తేటగా ఉంది. కుర్చీ ఎక్కకముందు ముప్పై ఏళ్ళకు పైబడిన సేవ, ఎక్కాక పేద పిల్లల ఆకలికి రోజుకొక అణా.