జీతము లేని కొలువు
కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి జీవితము

కరీంనగరము నుండి గంగాధర వైపు పోవు దారిలో కురిక్యాల యను గ్రామము కలదు. ఊరికి చేరువగా జనులు బొమ్మలగుట్ట యని పిలుచు రాతికొండ యున్నది. ఆ కొండ చఱియపై జైన తీర్థంకరుల మూర్తులును, చక్రేశ్వరీదేవి మూర్తియు చెక్కబడి యున్నవి. ఆ బొమ్మల దరినే ఒక శాసనము. పదవ శతాబ్దమున, వేములవాడ చాళుక్య ప్రభువగు రెండవ అరికేసరి కాలమునకు చెందిన దానిని కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు వేయించెను. అందు సంస్కృతము కొంత, కన్నడము కొంత, తెలుగున మూడు కందపద్యములు. నన్నయభట్టారకుని భారతమునకు ఇంచుమించు నూఱేండ్లు ముందటి కందములివి. తాను త్రిభువనతిలకమను బసదిని, కవితాగుణార్ణవమను చెఱువును, మదనవిలాసమను తోటను ఏర్పఱచితినని కూడ ఆ తమ్ముడు అందు వ్రాయించినాడు. తెలుగు పాఠము చెప్పు ఉపాధ్యాయుడు పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూపదగిన తావులలో ఇది మొదటి వరుసలోనిది.

అయితే ఇట్టి రాతి వ్రాతలను చరిత్రకు ఆధారములుగ చదువవలె నను బుద్ధి మనవారికి చిరకాలము నుండి కలదని తలంపరాదు. శాసనపు బండ పెక్కు గ్రామములలో బట్టలుదుకు బండ యయ్యెను, గుడి మెట్టయ్యెను, పశువులను కట్టు గుంజకు ఆనుడురాయి యయ్యెను. ఆ లిపి తెలియనివారు అందు పాతర జాడ వ్రాసియున్నదని నమ్మి రాతిని పెకలించుటయు, పగులగొట్టుటయు కలదు. ఇట్టి కాలమున, జీతబత్తెములు లేకయే గ్రామగ్రామమునకు పోయి ఆ బండలను కడిగి చదువుటకు తెలుగువారిని పురికొల్పిన పురుషుడు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు. కురిక్యాల శాసనము పండితుల చర్చకు వచ్చుటకు చాల ముందే ఆయన గతించిరి. కాని దానిని చదివి దాని విలువ తెలిసికొనగల తరము ఏర్పడుటలో ఆయన చేయి గలదు.

లక్ష్మణరావుగారు 1877 మే 18వ తేదీన కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి వెంకటప్పయ్యగారు ఆయన పసితనముననే స్వర్గస్థులైరి. బాల్య విద్య కొంత భువనగిరిలో సవతి అన్న శంకరరావుగారి యొద్ద జరిగెను. పిదప ఆయనకు ఆశ్రయమైనది అక్క భండారు అచ్చమాంబగారి యిల్లు. ఆమె భర్త మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరుగ నుండిరి. ఆదిలాబాదు మీదుగ ఉత్తరమునకు సాగి, పెన్‌గంగను దాటి, ఆ పైన పెక్కు క్రోసులు పోయినగాని నాగపురము రాదు. అంతదూరమున, తెలుగు వినబడని పట్టణమున, ఈ తెలుగు బాలుడు చదువుకొని బి.ఏ. పట్టము పొందెను, పిమ్మట కలకత్తా విశ్వవిద్యాలయము నుండి ఎం.ఏ. పట్టమును గైకొనెను.

ఆ పరదేశ వాసము ఆయనకు నష్టము కాలేదు. మహారాష్ట్రులు ఆ దినములలో తమ చరిత్రను తామే త్రవ్వుకొనుటకు మొదలిడియుండిరి. విశ్వనాథ కాశీనాథ రాజవాడేగారు ఇంటింటికి తిరిగి పాత దస్త్రములను, జాబులను సేకరించి, 1898 నుండి సంపుటములుగ ప్రకటించుచుండిరి. ఆయనయే 1910లో పుణ్యపత్తనమున భారత ఇతిహాస సంశోధక మండలమును స్థాపించిరి. అది ప్రభుత్వము నెలకొల్పిన శాఖ కాదు. చరిత్రపై మక్కువగల గృహస్థులు కూడి నిలిపిన సంస్థ. మరాఠీలో పండితులై, ఆ భాషా పత్రికలకు వ్యాసములు వ్రాయుచుండిన లక్ష్మణరావుగారికి ఈ ధోరణి కనులయెదుటి సంగతి. మన హైదరాబాదు సంస్థకు తరువాత పరిశోధక మండలి యను పేరే వచ్చుట పాఠకులు గమనింపదగినది.

అక్కగారిని గూర్చి ఒక మాట చెప్పక సాగరాదు. తమ్మునికి చదువు చెప్పింప పూనుకొన్న ఆ యిల్లాలు తానును చదువుకొని, అబలా సచ్చరిత్ర రత్నమాల యను పేర స్త్రీల చరిత్రలను సేకరించి వ్రాసెను. తలచిన భాగములన్నియు పూర్తికాక మునుపే 1905లో, ముప్పది యొక్క యేండ్లకే, మరణించెను. గ్రంథము సగములో నుండగా గ్రంథకర్త పోవుట యెట్టిదో లక్ష్మణరావుగారు ముందుగ తన యింటనే చూచిరి.

చదువు ముగించిన పిమ్మట ఆయన మునగాల జమీందారగు రాజా నాయని వేంకట రంగారావుగారి కడ దివానుగ కుదిరిరి. మునగాల పరగణా విచిత్రమైనది. నలుప్రక్కల నైజాము రాజ్యము. నడుమ ద్వీపమువలె ఆంగ్లేయుల పాలనలోని ఈ తునక. కృష్ణా జిల్లాతో కచేరి సంబంధము, హైదరాబాదుతో పొరుగు సంబంధము. రెండు రాజ్యముల తెలుగువారి కష్టసుఖములను ఒక్కచోటనుండి చూడదగిన ఆసనమది. ఆయనకు జీతమిచ్చిన ఉద్యోగము ఇదియే. లోకమున ఆయన పేరు నిలిపినవన్నియు జీతమునకు వెలుపలివి.

మొదటిది గ్రంథాలయము. హైదరాబాదు రాజ్యమున కచేరి భాష ఉర్దూ. తెలుగు మాటలాడువారే జనులలో పెక్కురైనను, తెలుగు పుస్తకము దొరకు చోటు అరుదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. లక్ష్మణరావుగారు, మునగాల రాజాగారు, రంగారావుగారు అందుకు ముఖ్యులు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రుని పేర మఱియొక భాషానిలయము ఏర్పడెను. ఇట్టి చోట కొలువు చేయుట యెట్లుండునో, ఊరి గ్రంథాలయమునో చిన్న ప్రదర్శనశాలనో నడపినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఉదయము తలుపు తీయువాడొకడు కావలెను. చందా వసూలు చేయువాడొకడు, చెదపురుగును కనిపెట్టువాడొకడు, ఇచ్చిన పుస్తకము తిరిగి రానప్పుడు మొగమాటము విడిచి అడుగువాడొకడు కావలెను. ఇందులో ఏ పనికిని కీర్తి లేదు. ప్రారంభ సభలో మెడలో దండలు పడినవారు ఈ పనులకు రారు. రంగారావుగారు 1910లో చిన్నవయస్సుననే గతించినను ఆ నిలయము మూతపడలేదు. పేర్లు మిగులని పలువురు దానిని నిలిపిరి.

రెండవది 1906లో హైదరాబాదున పుట్టి, తరువాత మదరాసునకు తరలిన విజ్ఞానచంద్రికా మండలి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు గారలు ఇందు సహచరులు. హరిసర్వోత్తమరావుగారి అబ్రహాం లింకను చరిత్రము దీని తొలి ప్రకటన. లక్ష్మణరావుగారు స్వయముగ శివాజీ చరిత్రమును, హిందూ మహాయుగమును, మహమ్మదీయ మహాయుగమును వ్రాసిరి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము తొలి భాగము 1910లో ఈ మండలి నుండియే వెలువడెను. చరిత్రయనగా రాజుల కథయే యని, కథయనగా విన్నది వినినట్లు చెప్పుటయే యని తలచు కాలమున, ఆధారము చూపి వ్రాయుటను ఈ గ్రంథములు తెలుగువారికి అలవాటు చేసెను. ఆధారములలో శాసనము తలమానికము. కావ్యమును లేఖకుడు మార్చవచ్చును, కైఫీయతును కరణము పెంచవచ్చును. రాతిపై ఒకమాఱు పడిన అక్షరము చెడునే కాని మాఱదు.

మూడవది ఆయన ప్రాణమును హరించిన పని. సకల శాస్త్రములను తెలుగున చెప్పు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును ఆయన తలపెట్టిరి. వ్యాసములు తెప్పించుట, దిద్దుట, పరిభాష కల్పించుట, తనకు నచ్చనిదానిని తానే తిరుగ వ్రాయుట, అచ్చు చిత్తులు చూచుట, అన్నియు ఆయనవే. ఆ కార్యాలయముననే యువకుడగు మల్లంపల్లి సోమశేఖరశర్మగారు పనిచేసి శాసన పరిశోధనలో ఆరితేరిరి. మూడు సంపుటములు వెలువడెను. మూడును అకారముతో మొదలగు మాటలకే సరిపోయెను. ఉబ్బసముతో బాధపడుచునే ఆయన పనిచేయుచుండిరి. మదరాసులో ఆయన వసించిన వేదవిలాసముననే 1919లో కందుకూరి వీరేశలింగముగారు తుదిశ్వాస విడిచిరి. నాలుగేండ్లు గడచిన పిదప, 1923 జూలైలో, లక్ష్మణరావుగారును నలువదియాఱేండ్ల వయస్సున కాలధర్మము నొందిరి. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావుగారు తమ ధనము వెచ్చించి ఆ కృషిని తిరిగి ఎత్తికొనిరి గాని, 1938లో వారును గతించిరి.

ఇచట నా యభిప్రాయము చెప్పవలెను. పంతులుగారి పనులలో ఆయన చేతిలోనే యున్నది ఆయనతో ఆగెను; ఇతరుల చేతికి ఆయన వదలినది సాగెను. విజ్ఞాన సర్వస్వము ప్రతి పుటయందును ఆయన కన్ను పడనిదే కదలలేదు. అది దాని గొప్పతనము, అదియే దాని మృత్యువు. భాషానిలయముపై ఆయన అంతటి పట్టు పెట్టుకొనలేదు. ఇది లోపమని గాక మహాపురుషుని ఉత్సాహమని సర్దిచెప్పువారు కలరు. సర్దిచెప్పుట మర్యాద, కాని తెలుగు బాలునికి ఆకారము మొదలు ఱకారము వఱకు దక్కని నష్టము మర్యాదతో తీరదు.

శాసనముల పని ఈ రెండవ తెగకు చేరినది. 1921లో హైదరాబాదున మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు ఆంధ్ర జనసంఘమును స్థాపించిన పిదప, 1922లో అచటనే పరిశోధనకై ఒక మండలి ఏర్పడెను. మఱుసటి యేట లక్ష్మణరావుగారు గతింపగా దానికి లక్ష్మణరాయ పరిశోధక మండలి యని పేరిడిరి. నైజాము ప్రభుత్వమునకు 1914 నుండి గులాం యజ్దానీగారి ఆధ్వర్యమున పురావస్తు శాఖ యుండెను. ఘనమైన పని చేసెను. కాని దాని నివేదికలు ఆంగ్లమున వెలువడుచుండెను. ఊరి కరణమునకు, బడిపంతులునకు, వాకిటి రాతిపై నేమున్నదో తెలుగున చెప్పు బాధ్యతను మండలి తలకెత్తుకొనెను.

దాని కార్యదర్శిత్వమును చిరకాలము మోసినవారు ఆదిరాజు వీరభద్రరావుగారు. వృత్తిరీత్యా ఆయన తెలుగు ఉపాధ్యాయులు. బడి విడిచిన వేళలును, సెలవు దినములును పరిశోధన దినములు. శాసనమునకు అచ్చుప్రతి తీయుట పుస్తకము చదివి నేర్చుకొను విద్య కాదు. మొదట రాతికి పట్టిన పాచిని, సున్నమును, నూనె జిడ్డును నీట తడిపి కుంచెతో రుద్ది వదలింపవలెను. తడి కాగితమును రాతిపై పఱచి, గట్టి కుంచెతో మెల్లగ కొట్టుచు అక్షరపు గుంటలలోనికి దిగనీయవలెను. సగమారిన తరువాత మసిసిరా పూసిన తోలు పొత్తితో అద్దవలెను. అప్పుడు మిట్ట నల్లనగును, అక్షరము తెల్లగ నిలుచును. గాలి వీచిన కాగితము లేచును. ఎండ ముదిరిన పగులును. తొందరపడి ఊడదీసిన చినుగును. ఇంతలో ఊరివారు మూగి, పాతర యెచట నున్నదని అడుగుదురు. పాతర లేదని నమ్మించుట కంటె లిపి చదువుటయే సులభము.

ఇట్లు కూడిన శాసనములు తెలంగాణా శాసనములు అను పేర 1935లో మొదటి సంపుటముగ వెలువడెను. అదే సంవత్సరమున రాజమహేంద్రవరపు చరిత్ర పరిశోధకులు కాకతీయ సంచికను ప్రకటించిరి. మండలివారి రెండవ సంపుటము గడియారము రామకృష్ణశర్మగారి సంపాదకత్వమున 1960లో వచ్చెను. రెండు సంపుటములకు నడుమ ఇరువదియైదేండ్లు. ఆ నడుమ యుద్ధము వచ్చెను, నైజాము రాజ్యము పోయెను, రాష్ట్రము మాఱెను. మండలి మాత్రము తన పనిని మఱువలేదు. పేరు పెట్టబడిన వ్యక్తి పోయి ముప్పదియేడేండ్లు గడచిన పిదప వచ్చిన గ్రంథమది. వీరభద్రరావుగారు 1973లో కీర్తిశేషులైరి.

కరీంనగరము జిల్లా శాసనములు ప్రత్యేక సంపుటముగ 1974లో పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి సంపాదకత్వమున ప్రభుత్వ పురావస్తు శాఖ పక్షమున వెలువడెను. ఇంచుమించు ఆ దినములలోనే గోదావరి ఒడ్డున కోటిలింగాలలో, ఆ ప్రాంతపు చరిత్రాభిమానులు మట్టిలో కనబడిన చిన్న చిన్న నాణెములను ఏఱి, పోగుచేసి శాస్త్రిగారికి చూపిరి. వారికి పదవి లేదు, జీతము లేదు. వానానంతరము గట్టు విఱిగిన చోట వెదకుటయే వారి విద్య. ఆ నాణెములపై గోభద, నారన, కంవాయ, సమగోప మొదలగు, అంతవఱకు చరిత్ర గ్రంథములకు ఎక్కని పేరులు కనబడెను. తరువాత ప్రభుత్వము వారు అచట త్రవ్వకములు జరిపిరి. శాతవాహన వంశమునకు మూలపురుషుడగు శిముకుని నాణెములు కూడ ఆ చోటనే దొరకెను.