చెరనుండి ఇంటికి: డొరోతియా డిక్స్

డొరోతియా డిక్స్ 1802వ సంవత్సరమున అమెరికాలోని మేన్ ప్రాంతమున జన్మించెను. తలిదండ్రుల ఆదరణ కరవైనందున పండ్రెండేండ్ల ప్రాయమున బోస్టనులోని నాయనమ్మ యొద్దకు చేరి, పిన్న వయస్సుననే ఉపాధ్యాయిని ఆయెను.

1841 మార్చిలో ఆమె ఈస్ట్ కేంబ్రిడ్జ్ చెరసాలలోని స్త్రీలకు ఆదివారపు పాఠము చెప్పుటకు వెళ్లెను. అక్కడ నేరస్థుల నడుమ, వ్యాధి తప్ప వేరొక నేరమెరుగని మతిచలించిన స్త్రీలు నిప్పు సెగయైన లేక వణకుచుండిరి. పిచ్చివారికి చలి తెలియదని కాపలాదారులు చెప్పిరి. ఆమె న్యాయస్థానమును ఆశ్రయించి వారి గదులకు వెచ్చదనము కల్పింపజేసెను.

అంతటితో ఆమె ఊరకుండలేదు. మసాచుసెట్స్ రాష్ట్రమంతట చెరసాలలను, బీదల ఆశ్రమములను దర్శించి, బోనులలోను నేలమాళిగలలోను గొలుసులతో కట్టబడినవారి స్థితిని ఊరూరా వ్రాసికొనెను. 1843లో దానిని శాసనసభకు విన్నపముగా పంపెను. సభలో స్త్రీకి మాటలాడు హక్కు లేనందున డాక్టర్ శామ్యూల్ హౌ దానిని సభ ముందుంచెను. వూస్టర్ ఆసుపత్రిని విస్తరించుటకు సభ సమ్మతించెను.

ఆమె కోరిన ఆసుపత్రి మరియొక చెరసాల కాదు. ఇంగ్లాండులోని యార్కు పట్టణమున 1796లో క్వేకరులు తెరచిన రిట్రీట్ అను ఆశ్రమము ఆ మార్గమును చూపియుండెను. అక్కడ సంకెలకు మారుగా మృదువైన మాట, తోటపని, కుట్టుపని ఉండెను. కోలుకొన్నవారు తమ ఇంటికి, తమ పనికి మరల చేరుటయే దాని గురి. ఈ గురితోనే ఆమె రాష్ట్రము వెంబడి రాష్ట్రము తిరిగెను. ట్రెంటనులో 1848లో తెరువబడిన ఆసుపత్రిని తన తొలిబిడ్డగా ఎంచెను.

మనోరోగుల పోషణకై కోటి ఎకరముల ప్రభుత్వ భూమి నిచ్చు బిల్లు 1854లో ఉభయసభలలో నెగ్గినను, అధ్యక్షుడు పియర్స్ దానిని త్రోసిపుచ్చెను. అంతకంటె పెద్ద అపజయము మెల్లగా వచ్చెను. ఆసుపత్రులు క్రిక్కిరిసెను, మృదువైన మాటకు తీరిక లేకపోయెను. పిలుచుకొనిపోవు బంధువులు లేక అనేకులు అక్కడనే ముసలివారైరి. 1881నుండి ట్రెంటను ఆసుపత్రిలోనే నివసించిన డిక్స్, 1887 జూలైలో అక్కడనే కన్నుమూసెను.

తలుపు తెరచుట ఆమె పని. లోనికి చేర్చుకొనుట ఊరివారి పని. మొదటిది చాలవరకు నెరవేరెను, రెండవది వెనుకబడెను. సమాధులలో సంకెళ్లు తెంచుకొనుచు తిరిగినవానిని స్వస్థపరచిన యేసు, అతనిని తన వెంట ఉంచుకొనక ఇంటివారి యొద్దకే పంపెను. చెరనుండి వచ్చినవానికి ఇంటిలో ఒక పీట, పనిలో ఒక చోటు, వీధిలో ఒక పలుకరింపు దొరకునంతవరకు అతని విడుదల సగమే.