ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా

ఎడ్స్‌గర్ వీబె డైక్‌స్ట్రా (మే 11, 1930 - ఆగష్టు 6, 2002) నెదర్లాండ్స్ దేశానికి చెందిన ప్రముఖ కంప్యూటరు శాస్త్రవేత్త. రెండు స్థలాల మధ్య అతి దగ్గరి దారిని కనుగొనే అల్గారిథమ్ ద్వారా ఆయన పేరు విద్యార్థులకు సుపరిచితం. ఒకే కంప్యూటరులో ఏకకాలంలో నడిచే అనేక ప్రాసెస్‌లు ఒకే మెమొరీని తగవు లేకుండా పంచుకునే పద్ధతికి పునాది వేసినవారిలో ఆయన ముఖ్యుడు. 1972లో ట్యూరింగ్ పురస్కారాన్ని అందుకున్నాడు.

బాల్యము, విద్యాభ్యాసము

డైక్‌స్ట్రా రోటర్‌డామ్ నగరంలో జన్మించాడు. తండ్రి రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు, తల్లి గణితం చదివినది. 1948లో పాఠశాల విద్య ముగించి, లైడెన్ విశ్వవిద్యాలయంలో గణితము, భౌతిక శాస్త్రము అభ్యసించాడు. 1951లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో ప్రోగ్రామింగు శిక్షణ పొందాడు. 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత కేంద్రంలో ప్రోగ్రామరుగా చేరాడు. 1957లో మారియా డెబెట్స్‌ను వివాహమాడినపుడు, ప్రోగ్రామరు అనే వృత్తిని అధికారులు అంగీకరించకపోవడంతో, వివాహ పత్రంలో తన వృత్తిని సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్తగా నమోదు చేయించవలసి వచ్చింది.

1956లో ఆర్మాక్ అనే కంప్యూటరు ప్రదర్శన కోసం రూపొందించిన అతి దగ్గరి దారి అల్గారిథమ్‌ను 1959లో ప్రచురించాడు. అదే సంవత్సరం డాక్టరేటు పొందాడు. ఎక్స్1 కంప్యూటరులో బయటి పరికరాలు ప్రాసెసరు పనిని మధ్యలో ఆపి తమ వైపు మళ్ళించుకునే విధానం ఆయన పరిశోధనాంశం. పని ఏ క్షణంలో ఆగుతుందో ముందుగా తెలియదు కనుక, ఇక్కడ జరిగే పొరపాటు మరల పరీక్షించినపుడు కనిపించకపోవచ్చు. పరీక్షలు మాత్రమే చాలవని, ప్రోగ్రాము సరియైనదని తర్కంతో నిరూపించాలని ఆయన జీవితాంతం పట్టుబట్టాడు.

తాళములు, సెమఫోరులు

మెమొరీలో 10 ఖాళీ పేజీలు ఉన్నాయనుకుందాం. రెండు ప్రాసెస్‌లు ఒకేసారి ఆ సంఖ్యను చదివి, ఒక్కొక్కటి ఒక పేజీ తీసుకుని, తిరిగి 9 అని వ్రాస్తే లెక్క తప్పుతుంది. ఒకే పేజీ ఇద్దరికీ దక్కే ప్రమాదం కూడా ఉంటుంది. కాబట్టి అటువంటి భాగంలోకి ఒకసారికి ఒక ప్రాసెస్ మాత్రమే ప్రవేశించాలి. రెండు ప్రాసెస్‌లకు ఈ సమస్యను డెక్కర్ అనే డచ్చి గణితవేత్త పరిష్కరించగా, ఎన్ని ప్రాసెస్‌లు ఉన్నా పనిచేసే పరిష్కారాన్ని డైక్‌స్ట్రా 1965లో ప్రచురించాడు.

అయితే ఆ పరిష్కారంలో, లోపలికి వెళ్ళవలసిన ప్రాసెస్ తన వంతు వచ్చిందా అని పదే పదే చూస్తూ ప్రాసెసరు సమయాన్ని వృథా చేస్తుంది. ఈ లోపాన్ని తొలగించడానికి ఆయన సెమఫోర్‌ను ప్రవేశపెట్టాడు. రైలు మార్గం పక్కన ఉండే రెక్క సిగ్నలు నుండి ఈ పేరు వచ్చింది. సెమఫోర్ ఒక సంఖ్య. దానిపై పి, వి అనే రెండు చర్యలు మాత్రమే ఉంటాయి. పి ఆ సంఖ్యను తగ్గించడానికి ప్రయత్నిస్తుంది, వి పెంచుతుంది. తగ్గించడం కుదరకపోతే ప్రాసెస్ నిద్రావస్థకు వెళుతుంది. ఆ లోగా ప్రాసెసరు వేరొక పని చేస్తుంది.

ఐండ్‌హోవెన్‌లో కృషి

1962లో ఐండ్‌హోవెన్ సాంకేతిక కళాశాలలో గణిత ఆచార్యుడిగా చేరిన డైక్‌స్ట్రా, కొద్దిమంది సహచరులతో ఎక్స్8 కంప్యూటరుకు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మించాడు. కళాశాల డచ్చి పేరులోని పొడి అక్షరాలే దాని పేరు. 1968లో ఆయన దీని నిర్మాణాన్ని వివరించాడు. అందులో 32 వేల పదాల ప్రధాన మెమొరీ, 512 వేల పదాల డ్రమ్ము ఉండేవి. వ్యవస్థను అంతస్తులుగా విభజించి, అన్నిటికంటే క్రింద ప్రాసెసరు పంపకాన్ని, దానిపై మెమొరీ నిర్వహణను ఉంచాడు. ఒక పేజీ ప్రధాన మెమొరీలో ఉందా, డ్రమ్ములో ఉందా అనే విషయం పై అంతస్తులకు తెలియనవసరం లేదు. అన్ని అంతస్తులూ సెమఫోరుల ద్వారానే సమన్వయించుకునేవి.

వేచి ఉండడాన్ని తగ్గించే ప్రయత్నము

తాళం భద్రతనిస్తుంది, కాని దాని ముందు వరుస పెరిగితే వేగం పోతుంది. ఎవరూ వాడని మెమొరీని ఏరి తిరిగి ఇచ్చే పని కోసం అప్పట్లో ప్రోగ్రామును పూర్తిగా ఆపవలసి వచ్చేది. ప్రోగ్రాము నడుస్తుండగానే మరొక ప్రాసెసరు ఈ పని చేసేటట్లు, రెంటి మధ్య నిర్బంధాలు వీలైనంత తక్కువగా ఉండేటట్లు డైక్‌స్ట్రా, లెస్లీ లాంపోర్ట్, మరి ముగ్గురు కలిసి 1978లో ఒక పద్ధతిని ప్రచురించారు. ఇందులో మెమొరీ భాగాలను తెలుపు, బూడిద, నలుపు రంగులతో గుర్తిస్తారు. ఏరడం మొదలైనపుడు తెల్లగా మిగిలినవే వ్యర్థాలు. ఈ పద్ధతి సులభంగా సిద్ధించలేదు. సరియైనవని చాలామంది నమ్మిన రూపాలలో కూడా నిరూపణకు పూనుకున్నపుడు లోతైన తప్పులు బయటపడ్డాయి. తాళాలను తగ్గించేకొద్దీ నిరూపణ భారం పెరుగుతుందని ఈ అనుభవం చూపింది.

చివరి దశ, ప్రభావము

1973 నుండి బరోస్ సంస్థ పరిశోధకుడిగా పనిచేసిన డైక్‌స్ట్రా, 1984లో అమెరికాలోని ఆస్టిన్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడయ్యాడు. 1999లో పదవీ విరమణ చేశాడు. 1300కు పైగా సంఖ్య వేసిన వ్యాసాలను, ఎక్కువగా కలంతో స్వయంగా వ్రాసి, మిత్రులకు పంచాడు. 2002లో న్యూనెన్ గ్రామంలో క్యాన్సరుతో మరణించాడు. మరుసటి సంవత్సరం నుండి డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ రంగంలోని ఒక పురస్కారానికి ఆయన పేరు పెట్టారు.

2015లో గో భాష ప్రవేశపెట్టిన మెమొరీ సేకరణ విధానం 1978 నాటి మూడు రంగుల పద్ధతి ఆధారంగా రూపొందినది. లినక్స్‌లో ఒక ప్రోగ్రాము మెమొరీ పటమంతటినీ కాపాడే తాళం పేరులో 2020 వరకు సెమఫోర్ అనే పదం ఉండేది. ప్రోగ్రాములోని అనేక శాఖలు ఆ ఒక్క తాళం కోసం పోటీపడడంతో, 2023లో విడుదలైన 6.4 వెర్షన్‌లో మెమొరీలోని ఒక్కొక్క ప్రాంతానికి విడి తాళం ఏర్పరచారు. డైక్‌స్ట్రా లేవనెత్తిన ప్రశ్న, అంటే భద్రత చెడకుండా ఎంత తక్కువగా వేచి ఉండవచ్చు అన్నది, ఈ విధంగా ఆయన తరువాత కూడా కొనసాగింది.